నీళ్ళు దిగే వరస

పోర్ట్ బ్లెయిర్ పక్కన ఆస్టినాబాద్‌లో దోమలు కుట్టని మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు బాలస్వామి. నీళ్ళ ఆఫీసు ప్రింటు గదిలో ముప్ఫై తొమ్మిదేళ్ళు అమ్మోనియా పీల్చిన మనిషి కనక, దోమ ఆయన చెయ్యి దాకా వచ్చి, వాసన చూసి, పక్కవాళ్ళింటికి దారి అడిగి వెళ్ళిపోయేది. నమ్మనివాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరికీ మలేరియా వచ్చింది.

ఆ ప్రింటు గదిలో జరిగే పని ఇది. పైపులైను ఎటు పోతుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ చోట వాల్వు పాతారో ఇంజినీర్లు పల్చటి ట్రేసింగు కాయితం మీద గీసి ఇస్తారు. దాన్ని మందు పూసిన కాయితం మీద పరిచి మెషీన్లోకి తోస్తే ముందు వెలుతురు తగులుతుంది, ఆ మీదట అమ్మోనియా ఆవిరి తగులుతుంది, అటువైపు నుంచి నీలిగీతల ప్రింటు చెమ్మచెమ్మగా, కళ్ళు మండిస్తూ బయటికొస్తుంది. దాన్ని చుట్టి ఇస్తే పైపులు తవ్వి బాగుచేసే గ్యాంగువాళ్ళు గునపాలతో బాటు భుజాన వేసుకుని బస్సెక్కుతారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి తుష్నాబాద్ దాకా ఏ కుళాయిలో నీళ్ళొచ్చినా, ఆ నీళ్ళు ముందు తన చేతుల మీదుగా కాయితంలో పారాకే నేల మీద పారాయని బాలస్వామి చెప్పేవాడు. అందులో అబద్ధం పెద్దగా లేదు.

మిగతావాటిలో ఉండేది. ఆయన లెక్క ప్రకారం ఆయన పుట్టింది నడిసముద్రంలో. తండ్రి జ్ఞానయ్య, తల్లి బుల్లమ్మ శ్రీకాకుళం ఒడ్డు నుంచి దీవుల్లో పనికని ఓడెక్కారు, సగం దారిలో నొప్పులొచ్చాయి, పిల్లాడు బయటపడేదాకా కెప్టెను ఓడ ఆపేశాడు, సముద్రం కూడా ఆగింది. పుట్టిన కాయితం మీద పోర్ట్ బ్లెయిర్ అని రాసుందని భార్య ప్రేమావతి ఎన్నిసార్లు చదివి వినిపించినా, "కాయితానికేటి తెలుసు, అదప్పటికి పుట్నేదు" అనేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వే గొలుసు మోసేవాడు. అప్పుడు రెండో కొస పట్టుకునే మనిషి జ్వరమొచ్చి రాకపోతే, ఉప్పుటేరులో మొసలిని బతిమాలి దాని నోటికి గొలుసిచ్చి మూడు రోజులు కొలతలు తీశాడు. మొసలి నిజాయితీగలది. ఒక్క అడుగు కూడా తేడా రాలేదు.

ఇలాంటి మనిషి వేసే ప్రింట్లలో ఆయన చెయ్యి పడకుండా ఉంటుందా. ఇంజినీరు సంతకం అయిపోయాక, చుట్టబోయే ముందు, బాలస్వామి చెవి వెనక నుంచి ఎర్ర పెన్సిలు తీసి ప్రతి వాల్వు పక్కనా ఒక బొమ్మ వేసేవాడు. తుష్నాబాద్‌లో కామమ్మ పెరట్లో ఉన్న వాల్వుకి కోడిపుంజు. ఆస్టినాబాద్ మలుపులో వాల్వుకి శిలువతో చర్చి. కల్వర్టు పక్కనున్నదానికి వంగిన కొబ్బరిచెట్టు. గ్యాంగులో సగం మందికి ఇంగ్లీషు అక్షరం రాదు. 'ఇక్కణ్ణుంచి పన్నెండు మీటర్లు' అని డ్రాయింగులో ఉంటే, పన్నెండు కొలవడానికి ముందు ఆ 'ఇక్కడ' ఎక్కడో తెలియాలి కదా. పుంజు అంటే ఎవరికైనా తెలుస్తుంది. సంతకమైన డ్రాయింగు మీద గీత గియ్యడం రూలుకి విరుద్ధం. ముప్ఫై తొమ్మిదేళ్ళలో పదకొండు మంది ఇంజినీర్లు మారారు. పదకొండు మందీ ఆ పుంజుని చూశారు, ఎవరూ కూతెత్తలేదు.

ఇంత పెద్ద మనిషి దగ్గర ఒక చిన్న రహస్యం ఉండేది. బాలస్వామికి చదవడం రాదు.

బళ్ళోంచి ఎందుకు మానేశావంటే, తన ప్రశ్నలకి జవాబు చెప్పలేక మాస్టారే బదిలీ చేయించుకున్నాడని చెప్పేవాడు. నిజం అంత గొప్పగా లేదు. ఇంట్లో తెలుగు, నల్లబల్ల మీద హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు రకాల అక్షరాలూ ఆ చిన్న తలలో చోటు కోసం కొట్టుకుని, ఆఖరికి మూడూ బయటికెళ్ళిపోయాయి. అంకెలు కూడా వాటి వెనకే పోయాయి. మూడో తరగతిలో పలక బల్ల మీద పెట్టి వచ్చినవాడు మళ్ళీ తెచ్చుకోవడానికి వెళ్ళలేదు. సంతకం మాత్రం చేస్తాడు. అది ఆయనకి ఇంకో బొమ్మ.

ఈ సంగతి ప్రేమావతికి ఒక్కదానికే తెలుసు. ఆదివారం చర్చిలో ఆమె కీర్తన పుస్తకం ఇద్దరికీ మధ్య పట్టుకుంటే ఆయన అందరికంటే గట్టిగా పాడేవాడు, ఒక్క మాట తప్పకుండా. ఆఫీసులో ఇంకా సులువు. ప్రతి షీటుకీ ఆయన దగ్గర ఒక పేరుండేది. గీతల ఆకారాన్ని బట్టి ఒకటి కోడిమెడ, ఒకటి గవరమ్మ నడుము, ఒకటి విరిగిన గొడుగు. ఎవరైనా ఇంజినీరు నంబరు చెప్పి షీటు తెమ్మంటే, "ఊరి పేరు చెప్పండి సాబ్, నంబర్లు ఖైదీలకి. జైలు మూసేసి చాన్నాళ్ళయింది" అనేవాడు. సాబులు నవ్వి ఊరి పేరు చెప్పేవారు.

దక్షిణపు లైను షీట్లు నలభై. అవి బీరువాలో ఎలా ఉండాలో కూడా ఆయనదే చట్టం. పై అరలో కొండమీది ట్యాంకు, దాని కింద ట్యాంకు నుంచి దిగే మొదటి పైపు, ఆ కింద అది చేరే ఊరు, అలా నీళ్ళు ఎటు దిగితే అటు, అట్టడుగు అరలో సముద్రం ఒడ్డున ఆఖరి కుళాయి. షీటు కావాలంటే బాలస్వామి కళ్ళు మూసుకుని ట్యాంకు దగ్గర నీళ్ళతో బయల్దేరి, కావలసిన ఊళ్ళో ఆగి, చెయ్యి పెట్టి తీసేవాడు.

రెండు వేల పదమూడు మార్చిలో ఈ గదికి లీదియా వచ్చింది. గ్యాంగు మేస్త్రీ యేసురాజు కూతురు, పాలిటెక్నిక్ చదివింది, టెంపరరీ మీద చేరి రెండేళ్ళుగా ఆ పాత డ్రాయింగులన్నీ కంప్యూటర్లో మళ్ళీ గీస్తూ ఉంది. యేసురాజూ బాలస్వామీ అన్నదమ్ముల వరస పెట్టుకున్నవాళ్ళు కాబట్టి ఆమెకి ఆయన పెదనాన్న. ఆ మధ్యన కొత్త సాబ్ ఆమెని పిలిచి ఒక పని అప్పజెప్పాడు. ఏప్రిల్ ఆఖరుకి బాలస్వామి రిటైరవుతున్నాడు, అమ్మోనియా సీసాలు ఓడ మీద రావడం కూడా కష్టమైపోయింది. అందుకని గ్యాంగులకి ట్యాబులిస్తారు. రోజూ పొద్దున్న గ్యాంగు బయల్దేరేలోపు డ్రాయింగులు వాటంతటవే పీడీఎఫులై ట్యాబుల్లోకి ఎక్కాలి. నెల రోజులు చూస్తారు. గ్యాంగులు దారిన పడితే లీదియా ఉంటుంది, లేకపోతే ఏప్రిల్ ముప్ఫైన ఆమె కూడా ఇంటికే.

లీదియా ప్రోగ్రాం రాసింది. పొద్దున్న ఆరున్నరకి కంప్యూటరు తనే లేచి, ఒక్కో డ్రాయింగూ తెరిచి, ట్యాబుకి సరిపడా ముక్కలు చేసి, పీడీఎఫ్ కట్టి, నంబరు పెట్టి, వైరు తగిలించిన ట్యాబుల్లోకి పంపేస్తుంది. నెట్టు మీద పంపే ఆలోచన ముందే మానేశారు. ఆ రోజుల్లో దీవుల్లో నెట్టు మీద ఒక డ్రాయింగు పంపితే, దానికంటే ముందు మనిషి ఓడెక్కి చెన్నై వెళ్ళి, పెళ్ళి చేసుకుని తిరిగొచ్చేవాడు.

మొదటిరోజు నలభై షీట్లూ తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి. బాలస్వామి గుమ్మంలో నిలబడి చూశాడు. తనకి ఆ పని రెండు రోజులు. చెవి వెనక పెన్సిలు ఒకసారి తడుముకుని, "నా మెసీను ఇంతకంటే జోరుగా పోయేదే. నానే ముసిల్దని నెమ్మదిగా తోల్తన్నాను" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు లీదియా ప్రింటు గదికి వచ్చి స్టూలు మీద కూచుంది.

"పెద్నాన్నా, ట్యాబు చూసి నాన్న ఏటన్నాడో తెలుసా? ఇది డ్రాయింగు కాదే, ఎక్స్‌రే. ఎముకలే ఉన్నాయి, మనిషి ఏడీ అన్నాడు."

"మీ నాన్న దేన్నీ పొగడడు. పెళ్ళిలో మీ అమ్మని చూసి కూడా అలాగే అన్నాడు."

"నవ్వకండి. అందరూ అదే అడుగుతున్నారు. పుంజు ఏది, కొబ్బరిచెట్టు ఏది అని. మీ బొమ్మలు లేకపోతే వాళ్ళు ట్యాబు సంచిలోంచి తియ్యరు. తియ్యకపోతే నా పని అయిపోయినట్టే."

ఆమె ఒక కట్ట ట్రేసింగు కాయితాలు బల్ల మీద పెట్టింది. నలభై. ఒక్కో షీటుకి ఒక్కో కాయితం మీద బొమ్మలు మాత్రం ఎక్కడివక్కడ వేసిస్తే, తను స్కాన్ చేసి ప్రోగ్రాంలో పెడుతుంది. రోజూ పీడీఎఫ్ తయారయ్యేటప్పుడు ఏ బొమ్మ ఆ షీటు మీద అదే అతుక్కుంటుంది. ఆయన రిటైరయినా అతుక్కుంటూనే ఉంటుంది.

"ఇంకేటి కావాల?"

"ఏం లేదు. ప్రతి దాని కింద షీటు నంబరు వెయ్యండి, చాలు."

ఆ 'చాలు' అన్న మాట విని బాలస్వామి కాయితాల కట్ట అంచులు బల్లకేసి తట్టి సరిచేశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎదురుగా కూచున్నది పరాయిది కాదు. కానీ ఆ పిల్ల చిన్నప్పుడు మొసలి కథ చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని వినేది, మొసలికి జీతం ఇచ్చారా పెదనాన్నా అని అడిగేది. ఆ కళ్ళ ముందు ఆ మాట రాలేదు.

"నంబరెందుకమ్మా. వరసలో పెట్టి ఇస్తాను. వరసుంటే నంబరున్నట్టే."

"సరే, వరస తప్పకూడదు మరి."

"నాను వరస తప్పితే కొండెక్కి సముద్రం నిలబడతాది."

ఇంటికెళ్ళి ఆ సంగతి చెబితే ప్రేమావతి తలపట్టుకుంది.

"ఇక్కడికి తెండి, నంబర్లు నేను వేస్తాను."

"సండేస్కూల్లో ఆ పిల్లకి అక్షరాలు దిద్దించింది నువ్వు. నీ చెయ్యి గుర్తు పట్టదా?"

"పడితే పట్టింది. పెళ్ళాం రాసిందని అంటుంది. లేదంటే ఆ పిల్లకి నిజం చెప్పెయ్యండి."

"ముప్ఫై రోజులుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు దాటించాను, ముప్ఫై రోజులు దాటించలేనా?"

వారం రోజులు ప్రింటు గది తలుపేసుకుని బాలస్వామి బొమ్మలు వేశాడు. బీరువాలోంచి ఒక్కో షీటు తీసి, పైన ట్రేసింగు పరిచి, వాల్వు ఉన్నచోట పుంజో చెట్టో చర్చో మళ్ళీ దిద్దాడు. అంత శ్రద్ధగా ఏనాడూ వెయ్యలేదు. ఈసారి పుంజుకి తోక ఈకలు విడివిడిగా పెట్టాడు. కొండమీది ట్యాంకు నుంచి సముద్రం ఒడ్డు దాకా, నీళ్ళు దిగే వరసలో నలభై కాయితాలూ పేర్చి లీదియా చేతికిచ్చాడు.

ఆఫీసు నంబర్లకి నీళ్ళతో పని లేదు. ఏ ఏడాది ఏ పైపు వేశారో ఆ వరసలో పడ్డాయవి. ట్యాంకూ, దాని నుంచి దిగే మొదటి పైపూ ముందు కట్టారు గనక ఒకటి, రెండు వాటివే. మూడో నంబరు నుంచి అంతా చెల్లాచెదురు. లీదియా పైనున్న రెండూ తీసి సరిచూసింది. అతికినట్టు సరిపోయాయి. పెదనాన్న వరస మీద నమ్మకం కుదిరి మిగతావాటికి అదే వరసలో మూడు, నాలుగు అని నంబర్లిస్తూ ఎక్కించేసింది.

ఏప్రిల్ మధ్యలో, ఎండలు మండిపోతూ మూడు రోజులకోసారి నీళ్ళొదిలే రోజుల్లో, తుష్నాబాద్ వంతు వచ్చింది. నీళ్ళొదిలిన పావుగంటకి రోడ్డు వారన పైపు పగిలి నీళ్ళన్నీ కాలవలోకి దారి పట్టాయి. పై వాల్వు కట్టేస్తే ఆగుతుంది. అది కామమ్మ స్థలంలో ఉంది, పన్నెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు, మట్టిలో పూడిపోయింది. యేసురాజు గ్యాంగుతో వెళ్ళి ట్యాబు తీశాడు. కామమ్మ పోకతోట నడుమ ఎర్రగా, శిలువతో సహా, చర్చి ఉంది.

యేసురాజు తల ఎత్తి తోట చూశాడు. దించి ట్యాబు చూశాడు. మళ్ళీ ఎత్తాడు.

"చర్చి లేదు మేస్త్రీ" అన్నాడు గునపం పట్టుకున్నవాడు.

"బాలస్వామన్న వేశాడంటే ఉంటాది. మనకి కనపడకపోతే మన కళ్ళదే తప్పు. తవ్వండి."

రెండు గోతులు తవ్వాక కామమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏటి భయ్యా, నా తోటలో ఏటి కడతన్నారు?"

"చర్చి" అన్నాడు యేసురాజు, వేరే మాట తోచక.

"మంచిదే గానీ, ఒక మాట నాకు చెప్పొద్దా. పోకమొక్కలైనా తీసుకుందును."

యేసురాజు సిగ్నలు కోసం కల్వర్టు గట్టెక్కి ఫోను చేశాడు. "అన్నా, కామమ్మ తోటలో చర్చి ఎప్పుడు కట్టారన్నా?"

ఫోను ఎత్తింది ప్రింటు గదిలో ఉన్న బాలస్వామి. ఆ చర్చి ఆస్టినాబాద్‌ది. తను రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకొస్తాడు. అది తుష్నాబాద్ పోకతోటలోకి ఎలా వెళ్ళిందో ఆయనకి ఒక్క క్షణంలో తెలిసింది. జీవితంలో మొదటిసారి ఆయన నోట కథ రాలేదు.

"తవ్వకండి. వస్తన్నాను" అని ఫోను పెట్టేసి బస్సెక్కాడు.

వెళ్ళేసరికి గంటన్నర దాటింది. నీళ్ళింకా కాలవలోకి పోతూనే ఉన్నాయి. బాలస్వామి ట్యాబు వంక చూడలేదు. కల్వర్టు దగ్గర నిలబడి, గొలుసు మోసిన రోజుల్లో లాగా అడుగులు వేసుకుంటూ పెరట్లోకి వచ్చి ఆగాడు.

"కోళ్ళగూడు ఏదమ్మా ఇక్కడ?"

"మా అత్త పోయిన ఏడే తీసేశాం భయ్యా. ఇప్పుడు ఉతికే రాయి వేసుకున్నాం."

"మీ అత్త పుంజు కూస్తే గానీ హార్బర్లో ఓడ కదిలేది కాదు" అన్నాడు అలవాటు కొద్దీ. ఆ మాటలో ఊపిరి లేదు. రాయి వారన మూరెడు లోతున వాల్వు తగిలింది. యేసురాజు తిప్పాడు. నీళ్ళు ఆగాయి.

అప్పటికే ట్యాంకు ఖాళీ. ఆ రోజు తుష్నాబాద్‌కి నీళ్ళు లేవు, మళ్ళీ మూడు రోజుల దాకా రావు. గుమ్మాల్లో బారులు తీర్చిన బిందెలు ఒక్కొక్కటే లోపలికి పోతుంటే బాలస్వామి చూస్తూ నిలబడ్డాడు. కామమ్మ లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "తాగు భయ్యా, ఎండలో పడొచ్చావు." ఆయన సగం తాగి, మిగతా సగం ఆమె బిందెలో వంచేశాడు.

సాయంత్రం ఆఫీసుకి వచ్చేసరికి సాబ్ గదిలో లీదియా నిలబడి ఉంది. బడా బాబు, అంటే హెడ్ క్లర్కు, పక్కన ఫైలు పట్టుకున్నాడు.

"తప్పు నాదే సర్. వరస సరిచూసుకోలేదు" అంటోంది. నంబరు వెయ్యమన్నాననీ, ఆయన వెయ్యలేదనీ ఒక్క మాట అనలేదు.

సాబ్ కోపంగా ఏమీ లేడు, అలిసిపోయి ఉన్నాడు. ట్యాబులు వెనక్కి తెప్పించమన్నాడు. రేపట్నుంచి మళ్ళీ బాలస్వామి ప్రింట్లే, ఆయన వెళ్ళాక సంగతి తర్వాత చూద్దాం, లీదియా నెలాఖరుకి రిలీవ్ కావచ్చు అన్నాడు హిందీలో, మెల్లిగా.

గుమ్మంలో నిలబడ్డ బాలస్వామికి ఇంకేం కావాలి. మెషీను తిరిగొచ్చింది. రహస్యం చెక్కుచెదరలేదు. నోరు మూసుకుని ప్రింటు గదికి పోతే సరిపోయేది. ఆయన లోపలికి వచ్చాడు.

"సాబ్, తప్పు ఆ పిల్లది కాదు. నంబరు వెయ్యమంది. నాకు చదవడం రాదు. అందుకని వెయ్యలేదు."

ఆయన చెప్పిన కథలన్నిట్లోకీ ఇదే పొట్టిది. బడా బాబు పకపకా నవ్వాడు. సాబ్ మొహం కూడా తేటపడింది.

"బాలస్వామీ, మజాక్ బంద్ కరో, వేళాకోళం చాలు" అన్నాడు సాబ్. "ముప్ఫై తొమ్మిదేళ్ళు డ్రాయింగులు చూసినవాడికి చదవడం రాదా?"

"మొసలికి వచ్చేమో సర్, దాని చేత చదివించుకునేవాడు" అన్నాడు బడా బాబు.

బాలస్వామి ఇద్దరి మొహాలూ చూశాడు. కెప్టెను ఓడ ఆపాడంటే నమ్మారు, మొసలి గొలుసు పట్టిందంటే నవ్వుతూనైనా విన్నారు. ఒక్క నిజం చెబితే నమ్మేవాడు లేడు. వచ్చునని చూపించడం తేలిక, నాలుగు ముక్కలు చదివితే సరి. రాదని ఎలా చూపిస్తాడు?

"ఒట్టు సాబ్" అన్నాడు. చెవి వెనక పెన్సిలు తీసి బల్ల మీద పెట్టేశాడు.

ఆ పెన్సిలుని లీదియా చూసింది. ఆమె నవ్వలేదు. గోడ పక్కనున్న కట్టలోంచి ఒక షీటు లాగి బల్ల మీద పరిచింది. గీతలన్నిటి మీదా ఒక ఖాళీ కాయితం కప్పింది. కింద మూలన ఊరి పేరూ నంబరూ ఉన్న గడి మాత్రం కనిపిస్తోంది.

"ఇది ఏ ఊరు పెద్నాన్నా?"

బాలస్వామి ఆ గడి వైపు చూశాడు. వేలితో ఆ అక్షరాల అంచులు తడిమాడు. ఆ ఊరు ఆస్టినాబాద్. నలభై ఏళ్ళుగా ఆయన ఉంటున్న ఊరు. పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

"తెలీదమ్మా" అన్నాడు.

బడా బాబు ఫైలు కిందికి దించాడు. లీదియా కాయితం తీసింది.

"మన వీధి" అన్నాడు బాలస్వామి వెంటనే, తడబడకుండా. "ఇది మలుపు, ఇక్కడ చర్చి. ఈ వాల్వు ఎడమకి తిరుగుతాది, మిగతావన్నీ కుడికి. ఈ కొస పైపు డెబ్భై తొమ్మిదిలో మార్చారు, ఆ రోజు వర్షం."

లీదియా ఇంకో షీటు తీసి ఈసారి మూలనున్న గడి మూసి, గీతలు సాబ్ ముందుకి జరిపింది. "సర్, ఇది ఏ ఊరు?"

సాబ్ వంగి చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. మూసిన మూల ఎత్తి చూడబోయాడు.

"విరిగిన గొడుగు" అన్నాడు బాలస్వామి మెల్లిగా. "తుష్నాబాద్ దాటాక."

సాబ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నెలాఖరుకి ఇంకా ఎన్ని రోజులున్నాయని లీదియానే అడిగాడు. పదమూడు అంది. "కరో" అన్నాడు, అయితే ఇద్దరూ కలిసి మళ్ళీ చెయ్యండని.

ఆ పదమూడు రోజులకీ ప్రింటు గదిలోకి కంప్యూటరు వచ్చింది. అమ్మోనియాకి దానికి జలుబు చేసి మూడుసార్లు తుమ్మిందని బాలస్వామి ఇప్పటికీ చెబుతాడు. ఆయన కళ్ళు మూసుకుని ట్యాంకు దగ్గర బయల్దేరేవాడు, లీదియా వెనకాలే షీట్లు జరుపుకుంటూ వచ్చేది. నీళ్ళు ఎక్కడ ఆగితే ఇద్దరూ అక్కడ ఆగేవారు. నంబర్లు లోపలెక్కడో సాబుల కోసం ఉంచి, ట్యాబులో మొదటి పేజీని ఆమె కొండ మీంచి సముద్రానికి దిగే ఒక్క పైపు బొమ్మగా గీసింది. దాని పక్కన నలభై చిన్న బొమ్మలు. ఊరు కావాలంటే నీళ్ళ వెంట వేలు జార్చుకుంటూ వచ్చి బొమ్మ మీద నొక్కితే ఆ షీటు తెరుచుకుంటుంది.

సాయంత్రాలు యేసురాజు వచ్చి ఏది ఉందో ఏది పోయిందో చెప్పేవాడు. నలభై షీట్లలో పడిపోయిన చెట్లు పదకొండు, లేని కోళ్ళగూళ్ళు నాలుగు, ఎప్పుడో పోయిన మనిషి ఒకరు. ఆ పోయిన మనిషి గురువమ్మ, తన గుమ్మంలో కూచున్న ఆమె బొమ్మని చెరపడానికి మాత్రం బాలస్వామికి ఒక పూట పట్టింది. కామమ్మ పుంజు ఉన్నచోట ఉతికే రాయి వేశాడు.

"అన్నా, పుంజు పోయిందని కామమ్మ బాధపడతాది" అన్నాడు యేసురాజు.

"రాయి మీద నిలబెడతాన్లే. అదెక్కడికి పోతాది."

ఏప్రిల్ ముప్ఫై పొద్దున్న కంప్యూటరు తనే లేచి నలభై పీడీఎఫులూ కట్టింది. గ్యాంగుల్లో కళ్ళజోళ్ళున్నవాళ్ళు కళ్ళజోళ్ళతో, లేనివాళ్ళు చెయ్యి చాపి దూరం పెట్టి, నీళ్ళ వెంట వేళ్ళు జార్చుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా ఫోను చెయ్యలేదు. లీదియాని ఉద్యోగంలో ఉంచే కాయితం మీద సాబ్ సంతకం పెట్టాడు. బాలస్వామి అది తలకిందులుగా పట్టుకుని, సరిగ్గానే ఉందన్నాడు. ఈసారి అందరూ నవ్వారు, ఆయన కూడా.

మధ్యాహ్నం రిటైర్‌మెంటు దండలవీ అయ్యాక లీదియా ఒక షీటు తెచ్చి చూపించింది. ఆస్టినాబాద్. ఆయన ఇంటి గేటు ముందున్న వాల్వు పక్కన ఏ బొమ్మా లేదు.

"ఇదొక్కటి మర్చిపోయారు పెద్నాన్నా."

"మర్చిపోలేదు. అది నాకు తెలుసు కదా."

"నా తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలిగా. మీ గేటు దగ్గర ఏముంది?"

బాలస్వామి ఆలోచించాడు. చెట్టు వేస్తే పడిపోతుంది. గూడు వేస్తే ఎవరో తీసేస్తారు. చెవి వెనక పెన్సిలు తీసి, రేపట్నుంచి తను కూచోబోయే కుర్చీ వేశాడు.

ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది. పొద్దెక్కితే ఎండ నెత్తి మీదికొస్తుంది, నీడలోకి జరగమని ప్రేమావతి రోజూ చెబుతుంది. "డ్రాయింగులో ఎక్కింది. సాబ్ సంతకం అయిపోయింది. జరిపితే తుష్నాబాద్‌కి నీళ్ళు రావు" అంటాడు ఆయన. అటుగా పోయే గ్యాంగు ఆగి, ట్యాబులో కుర్చీని చూసి, గేటు ముందు కుర్చీని చూసి, రెండూ సరిపోయాయో లేదో తేల్చుకునేదాకా ఆయన కదలకుండా కూచుంటాడు. ఎండాకాలంలో ప్రేమావతి గొడుగు తెచ్చి పట్టుకుంటుంది. దోమలు మాత్రం ఇప్పటికీ రావు.